చివరి పీసు అమ్మం

ఎల్బీనగర్,
28 మే 2025

బిడ్డా స్పందనా,

పెద్దబాపును రాస్తున్నాను. ఉత్తరం చూసి పరేషాన్ కాకు, ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. నా చెవులే పూర్తిగా పోయాయి. కుడిది నిరుడే పోయింది, ఎడమది మొన్న ఉగాది తర్వాత. ఫోన్లో నువ్వు మాట్లాడుతుంటే ఫ్యాను తిరుగుతున్నట్టే ఉంటుంది తప్ప ఒక్క మాట తెలియదు. మీ పెద్దమ్మ లలితమ్మను మధ్యలో కూర్చోబెట్టి చెప్పిద్దామంటే నేను చెప్పింది పావు, లలితమ్మ గారు కలిపింది ముప్పావు. వాట్సాప్‌లో రాయమంటావేమో. పొద్దున లేస్తే గులాబీ పువ్వులు, దేవుడి బొమ్మలు వచ్చి పడతాయి, వాటి కింద నేను రాసింది నాకే దొరకదు. అందుకని పోస్టాఫీసుకు పోయి కవర్లు తెచ్చాను. కౌంటర్లో ఉన్న పిల్ల నన్ను ఎగాదిగా చూసి పది కవర్లు ఇచ్చింది.

నిన్న దిల్‌సుఖ్‌నగర్ పోయి వచ్చాను. పని ఏమీ లేదు, మెట్రో ఎక్కి కూర్చున్నాను, అంతే. మన షాపు ఉండిన మల్గీలో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. పై అంతస్తులో ఎప్పటిలాగే కోచింగ్ సెంటర్. 'స్పందన కార్టూన్ వరల్డ్' బోర్డు ఉన్న చోట నాలుగు మేకులు అలాగే ఉన్నాయి. కొత్తవాడు వాటిని పీకలేదు, వాటి మీదనే తన ఫ్లెక్సీ కట్టుకున్నాడు. తెలివైనవాడే.

ఆ రోడ్డు మీద కార్టూన్ సామాను అమ్మే దుకాణాలు నాలుగుండేవి, నీకు గుర్తుందా? డిపో పక్కన దుప్పట్ల వాడు, కొత్తపేటలో పుట్టినరోజు టోపీల వాడు, చైతన్యపురిలో భానుమూర్తి, మనం. ఒక్కటి కూడా మిగలలేదు. భానుమూర్తి ఇప్పుడు జిరాక్స్ మిషన్ పెట్టుకున్నాడు. నాకు వినపడదని తెలిసి ఒక చెడిపోయిన జిరాక్స్ కాగితం వెనక రాసి చూపించాడు: "మొన్న ఒకావిడ వచ్చిందండీ బిక్షపతిగారూ. గబ్లూ ఏనుగు టిఫిన్ డబ్బాకి మూత దొరుకుతుందా అని అడిగింది. డబ్బా కాదండీ, మూత ఒక్కటే. కొడుకు ఇంజినీరింగట." ఇద్దరం నవ్వాము. తర్వాత అతనే చాయ్ తెప్పించాడు.

అసలు సంగతికి వస్తాను. నీ బిడ్డ ప్రణతి ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేరుతోంది కదా. మన షాపు ఖాళీ చేసినప్పుడు నువ్వు బడంగ్‌పేటలో మీ అమ్మ దగ్గర పెట్టించిన మూడు రేకు పెట్టెలు తెరవాలి. తాళం చెవులు నా దగ్గరే ఉన్నాయనుకున్నాను, వెతికితే లేవు. నీ దగ్గర ఉంటే పంపు. లేకపోతే తాళం పగలగొట్టిస్తాను. వచ్చే వారం నేనే బడంగ్‌పేట పోతాను.

అల్లుడిని అడిగానని చెప్పు. పెద్దమ్మ కారప్పొడి పంపుతానంటోంది, వద్దన్నా వినదు.

మీ పెద్దబాపు
బిక్షపతి


సోలాపూర్,
4 జూన్ 2025

పెద్దబాపూ,

నమస్తే. మీ ఉత్తరం మా అత్తగారు తెచ్చి ఇచ్చారు. పోస్టులో కరెంటు బిల్లు తప్ప ఇంకేదైనా వస్తుందని ఈ ఇంట్లో అందరూ మరిచిపోయారు. మీరు ఇంట్లో 'గట్ల, గిట్ల' అని మాట్లాడే మనిషి, కాగితం మీద ఇంత పుస్తకం భాష ఎక్కడి నుంచి వచ్చింది? చదివి నవ్వుకున్నాను, తర్వాత మీ చెవుల సంగతి చదివి ఏడుపొచ్చింది. డాక్టరుకు చూపించారా లేదా అది రాయలేదు. పెద్దమ్మకు ఫోన్ చేస్తే "చూపిస్త అంటడు, పోడు" అంటుంది.

ఇక్కడ అంతా బాగుంది. మా వాళ్ళ తువ్వాళ్ళ కార్ఖానాకు పిల్లల తువ్వాళ్ళ ఆర్డర్ వచ్చింది, ఏదో కొత్త కార్టూన్ బొమ్మతో. మొదటి ఉతుకుకే బొమ్మ కళ్ళు కారిపోయి మూతి మీదికి వచ్చాయి. మీ అల్లుడు వారం రోజులుగా రంగులవాడితో గొడవ పడుతున్నాడు. ప్రణతి మాత్రం ఆ కళ్ళు కారిన తువ్వాలే కావాలని పట్టుబట్టి తీసుకుంది. వీధిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, అలిగితే హిందీ. దానికి బ్యాగు ఇక్కడే కొంటాం, మీరు ఆరాటపడకండి.

పెట్టెల గురించి ఇప్పుడు తొందరేముంది. ఎండలు మండిపోతున్నాయి, బడంగ్‌పేటకు రెండు బస్సులు మారాలి. అమ్మ ఇంట్లో వెనక గది పైకప్పు కారుతుందని సామానంతా అటూ ఇటూ సర్దింది, ఏది ఎక్కడ ఉందో ఆమెకే తెలియదు. నేను దసరాకు వస్తాను కదా, అప్పుడు చూద్దాం. దయచేసి పోకండి.

అయినా ఆ పెట్టెల్లో ఏముంటుంది పెద్దబాపూ. పాత సామాను. మీరే అనేవాళ్ళు, "చివరి పీసు అమ్మం" అని. కొనడానికి వచ్చిన గిరాకీ ఎంత బతిమాలినా ఇచ్చేవాళ్ళు కాదు. మూడో తరగతిలో ఉన్నప్పుడు లిల్లీ కుందేలు గొడుగు నేను అడిగితే నాతోనూ అదే మాట అన్నారు. మీకు గుర్తుండదు. షాపు బోర్డు మీద నా పేరు, నా వీపు మీద పెద్దమ్మ కుట్టిన పోచంపల్లి గుడ్డ సంచి. క్లాసులో పిల్లలు దాన్ని తువ్వాలు బ్యాగు అనేవాళ్ళు. ఇప్పుడు తువ్వాళ్ళ ఇంట్లోనే పడ్డాను, చూడండి.

ఎండలో తిరగకండి. కారప్పొడి పంపమనండి, ఇక్కడి కారం కారమే కాదు.

స్పందన


ఎల్బీనగర్,
11 జూన్ 2025

బిడ్డా,

నువ్వు దొంగవి. నాకు అంతా తెలిసిపోయింది.

వద్దన్నావు కదా అని ఆగాలనే అనుకున్నాను. కానీ రేపటి నుంచి బడులు తెరుస్తున్నారు. ఇరవై నాలుగేళ్ళు జూన్ మొదటి పది రోజులు కూర్చుని అన్నం తిన్నవాణ్ణి కాదు. ఇప్పుడు కాలు ఇంట్లో నిలవదు. ఆటో మాట్లాడుకుని బడంగ్‌పేట పోయాను. మీ అమ్మ నన్ను చూసి చేతిలో చేట కింద పెట్టేసింది. వెనక గది చూశాను, పైకప్పు బాగానే ఉంది. అటక చూశాను. పెట్టెలు లేవు. మీ అమ్మ చాయ్ పెట్టింది, చక్కెర వేయడం మరిచిపోయింది. చివరికి క్యాలెండరు మీద రాసి చూపించింది, "స్పందనను అడుగుండ్రి" అని. ఆమె ముఖం చూస్తే తెలిసిపోయింది.

సోలాపూర్ తెప్పించుకున్నావు కదా. ప్రణతి మొదటి రోజు బడికి పోయేటప్పుడు చూపిద్దామని దాచావు. నన్ను దసరా దాకా ఆగమన్నది అందుకే. వచ్చేటప్పుడు ఆటోలో నేను ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే ఆటో అబ్బాయి అద్దంలోంచి చూశాడు.

నువ్వు చెప్పకపోయినా నేను చెప్పవలసింది ఒకటుంది. పెట్టెల్లో సామాను ప్రణతికి ఇచ్చే ముందు ప్రతిదాని చిన్న అర తెరిచి చూడు. బ్యాగుకైతే లోపలి జిప్పు, కంపాస్ బాక్సుకైతే కింది అర, గొడుగుకు పిడి దగ్గర మడత. ఒక్కొక్క దాంట్లో చీటీ ఉంటుంది. నీ పేరు, నీ తరగతి, సంవత్సరం.

నీకు తెలియదు. బడి నుంచి వచ్చి నువ్వు షాపులో కూర్చునేదానివి కదా, మీ నాయన ఉపేందర్ కౌంటర్లో ఉన్నప్పుడు. ఏడాదికోసారి, కొత్త మాలు దిగినప్పుడు, నువ్వు ఏదో ఒకదాని ముందు ఆగిపోయేదానివి. ఆ గొడుగు ఒక్కటి తప్ప ఏదీ అడిగేదానివి కాదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేదానివి. నేను చూసేవాణ్ణి. ఆ రకంలో చివరి పీసు మిగిలినప్పుడు తీసి పెట్టెలో పెట్టేవాణ్ణి. ఒకటో తరగతి, రాకెట్ మీద కప్ప ఉన్న నీళ్ళ బాటిల్. రెండు, గబ్లూ ఏనుగు కంపాస్ బాక్సు. మూడు, లిల్లీ కుందేలు గొడుగు. గుర్తుండదన్నావు. ఆ గొడుగు నీదే కాబట్టి ఇవ్వలేదు. కొన్నేళ్ళు రెండు మూడు ఉండేవి. అన్నీ కలిపి ముప్పై ఒకటి.

ఎందుకలా అంటావేమో. నువ్వు పుట్టకముందు మేం పోచంపల్లిలో మగ్గం మీద ఉన్నవాళ్ళం. నేసిన బట్ట కోసేటప్పుడు మగ్గం మీది పోగులు మొత్తం తీసేయరు, జానెడు వదులుతారు. తర్వాత ఎక్కించే నూలును ఆ పోగులకే ముడి వేస్తారు. అవి తీసేస్తే మళ్ళీ ఒక్కొక్క పోగూ మొదటి నుంచి ఎక్కించుకోవాలి. మా నాయన ఆ జానెడు ముట్టుకోనిచ్చేవాడు కాదు. షాపు పెట్టినప్పుడు నేను అదే పద్ధతి పెట్టుకున్నాను. చివరి పీసు షాపును వదిలిపోకూడదు. షాపు నీ చేతికి వచ్చిన రోజు ఆ పెట్టెలు కూడా నీవే అని అనుకున్నాను. ఆడపిల్ల కోసం దాచింది ముందుగా ఆమెకు చూపించకూడదని మన ఇళ్ళలో అంటారు కదా.

సరే, షాపే లేకుండా పోయింది. కానీ ప్రణతి వీపు మీద పెట్టెలోని ఆ కప్ప బొమ్మ బ్యాగు ఉంటే నాకు చాలు. ఫోటో తీసి పంపు. కళ్ళు బాగానే కనబడతాయి.

మీ పెద్దబాపు


సోలాపూర్,
18 జూన్ 2025

పెద్దబాపూ,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను. మూడు చింపేశాను.

పెట్టెలు నా దగ్గర లేవు. అమ్మ దగ్గర ఎప్పుడూ లేవు. నేను మీకు నాలుగేళ్ళుగా అబద్ధం చెబుతున్నాను.

2021 మే నెల. మీరు దవాఖానలో ఉన్నారు, పెద్దమ్మ బయట చెట్టు కింద ఉండేది. మల్గీ ఓనరు ఖాళీ చేయమని రోజూ ఫోను. ప్రణతికి అప్పుడు రెండేళ్ళు, దాన్ని బడంగ్‌పేటలో అమ్మ దగ్గర వదిలి నేను షాపు ఖాళీ చేయడానికి పోయాను. లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పది దాకా బయట తిరగనిచ్చేవాళ్ళు. ఆ నాలుగు గంటల్లో చేసిందే పని. మంచి సామాను బేగంబజార్ సేటు వచ్చి తీసుకుపోయాడు. మూడో రోజు మీ పెట్టెలు మిగిలాయి. తాళం చెవులు మీ సొరుగులో దొరికాయి.

తెరిచాను. మొదటి పెట్టెలో పైననే గొడుగు ఉంది. లిల్లీ కుందేలు గొడుగు.

మీకు అసలు విషయం చెప్పాలి. ఆ గొడుగు నేను అడిగిన రోజు రాత్రి అన్నం దగ్గర నాయన నాతో అన్నాడు, "ఇగో, పెద్దబాపును ఏదీ అడగొద్దు బిడ్డా. మనం ఆయన నీడల బతుకుతున్నం." ఆ తర్వాత నేను అడగలేదు. పదో తరగతి దాకా, డిగ్రీ దాకా, నా పెళ్ళిలో కూడా ఏదీ అడగలేదు. మీకు ప్రేమ లేదని కాదు. పరాయివాళ్ళకు 'బేటా, బేటా' అని చేతిలో పెట్టేవాళ్ళు, నాకైతే చివరి పీసని చెప్పేవాళ్ళు. అది నాలో అట్లాగే ఉండిపోయింది.

పెట్టె తెరిచేసరికి నేను ఏ ఏడు దేని ముందు నిలబడ్డానో అన్నీ వరసగా ఉన్నాయి. నాకు ఇవ్వనివన్నీ ఏరి ఏరి దాచుకున్నాడు ఈయన, అనుకున్నాను. చీటీలు చూడలేదు. ఒక్క జిప్పు కూడా తీయలేదు. మీరు దవాఖానలో ఆక్సిజన్ మీద ఉన్నారు, నేను షాపులో మీ మీద కోపంతో ఉన్నాను. నాకు ఇయ్యనివి ఎవరికి పోతే ఏంది అనుకుని మూడు పెట్టెలూ మెట్ల మీదికి లాగి, మూతలు తెరిచి, అట్ట ముక్క మీద 'ఫ్రీ' అని రాసి పెట్టాను. పదింటికల్లా అన్నీ పోయాయి. ఖాళీ పెట్టెలు పాత ఇనుము వాడు ఎత్తుకుపోయాడు.

మీకు కొంచెం తెలివి వచ్చాక మొదట అడిగింది ఆ పెట్టెల గురించే. బడంగ్‌పేటలో ఉన్నాయని చెప్పాను. బతికి బయటపడ్డ మనిషికి ఇంకేం చెప్పను? ఆ తర్వాత ప్రతి ఏడూ చెప్పడం ఇంకా కష్టమైంది. అమ్మకు నేనే చెప్పొద్దన్నాను, ఆమెను ఏమీ అనకండి.

ప్రణతి మొన్న బడికి పోయింది. బ్యాగు బజారులో కొన్నాం. ఫోటో పంపడానికి నాకు ముఖం లేదు.

స్పందన


సోలాపూర్,
9 జూలై 2025

పెద్దబాపూ,

మూడు వారాలైంది. ఉత్తరం అందిందో లేదో అని పెద్దమ్మకు ఫోన్ చేశాను. "అందింది. సదివిండు. మీద సెల్ఫుల పెట్టిండు" అంది. ఇంకేమన్నాడు అంటే "ఏమనలే. పేపర్ సదువుకుంటుండు" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

కారప్పొడి కొరియర్‌లో వచ్చింది. డబ్బా మీద అడ్రసు మీ చేతిరాతతో ఉంది. దాన్ని చూసి కాసేపు ఊపిరి పీల్చుకున్నాను. డబ్బాలో ఉత్తరం ఉంటుందేమోనని కారప్పొడి మొత్తం పళ్ళెంలో పోసి చూశాను. తుమ్ములు తప్ప ఏమీ లేదు.

మీరు రాయకపోయినా నేను రాస్తాను.

స్పందన


ఎల్బీనగర్,
20 జూలై 2025

స్పందనా,

కోపం వచ్చింది. రాలేదని రాస్తే నేనూ అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. పది రోజులు నీ పేరు ఎత్తనివ్వలేదు. కారప్పొడి మీద అడ్రసు కూడా మీ పెద్దమ్మ పోరు పడలేక రాశాను.

తర్వాత ఒక పొద్దున చైతన్యపురి పోయి భానుమూర్తికి నీ ఉత్తరం ఇచ్చాను. చదవమన్నాను. ఇంట్లో సంగతి బయటివాడికి చూపించానని అనుకోకు. ఆ వ్యాపారం తెలిసినవాడు ఇంకెవడూ మిగల్లేదు నాకు. అతను చదివి, మడిచి, జిరాక్స్ కాగితం వెనక ఒకే మాట రాశాడు: "పిల్ల అడిగిన రోజే ఇచ్చేస్తే ఏం పోయేదండీ?"

మెట్రోలో వస్తూ ఆ మాటే ఆలోచించాను, ఇంటికి వచ్చి ఆలోచించాను. మగ్గం మీద వదిలిన పోగులు ఏడాది ఆగితే ఏడాది ఆగుతాయి. నూలుకు వయసు రాదు. పిల్లలకు వస్తుంది. కప్ప బాటిల్ ఒకటో తరగతి పిల్లది. రెండో తరగతికి పోగానే అది ఆమెకు పనికిరాదు. ఈ ముక్క బజారులో ప్రతి తల్లికీ చెప్పి సరుకు అమ్మినవాణ్ణి నేను. "అమ్మా, ఈ ఏడు కొనుండ్రి, వచ్చే ఏడు పాప ఇది వద్దంటది" అని. నా ఇంటి పిల్ల దగ్గరికి వచ్చేసరికి నాకే తోచలేదు. మూడు పెట్టెల నిండా నీ చిన్నతనం దాచానని సంతోషపడ్డాను. నీ చిన్నతనం నా పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది.

ఉపేందర్ నీతో అలా అన్నాడని నాకు తెలియదు. వాడు నా తమ్ముడు, నా నీడలో ఉన్నానని ఎందుకనుకున్నాడు? షాపు ఇద్దరిదీ అనుకున్నాను నేను. అది కూడా వాడితో ఒక్కసారి నోరు తెరిచి చెప్పలేదు. వాడు పోయి పదహారేళ్ళయింది, ఇప్పుడు ఎవరికి చెప్పాలి?

నీ తప్పు లేదని అనను. ఒక్క జిప్పు తీసి ఉంటే అన్న మాట రోజుకు ఎన్నిసార్లు వస్తోందో నాకు. కానీ ఆ జిప్పు తీయలేనంత కోపం నీకు పుట్టించింది నేనే.

ఒకటి అడుగుతాను. బాధ పెట్టడానికి కాదు, దుకాణదారుడిగా అడుగుతున్నాను. ఆ ముప్పై ఒకటి ఎవరు తీసుకున్నారు? ముందు ఏది పోయింది? గొడుగు ఎవరికి పోయింది? నీకు గుర్తున్నంత రాయి. అది మన షాపు చివరి బేరం, నేను చూడలేదు.

పెద్దబాపు


సోలాపూర్,
28 జూలై 2025

పెద్దబాపూ,

గుర్తున్నంత కాదు, అంతా గుర్తుంది. మరిచిపోదామని చూశాను, కుదరలేదు.

మొదట అరగంట ఎవరూ రాలేదు. అప్పుడు రోజులు అట్లాంటివి, ఒకరి వస్తువు ఒకరు ముట్టుకునేవాళ్ళు కాదు. రోడ్డు అవతల టమాటాలు అమ్మే ఆమె చాలాసేపు చూసి, మాస్కు సర్దుకుని వచ్చింది. "నిజంగనే ఫిరీనా అమ్మా, యెనక ఏమన్న కాయితం మీద పేరు రాయించుకుంటరా?" అంది. ఏమీ లేదన్నాను. పసుపు రైన్‌కోటు తీసుకుంది. అది నా ఆరో తరగతిది అయి ఉంటుంది. తర్వాత గలీజుగా ఉందేమోనని దులిపి, వాసన చూసి, మడిచి గంప కింద పెట్టుకుంది. ఆమెను చూసి మిగతావాళ్ళు వచ్చారు. టోపీలు, నీళ్ళ బాటిళ్ళు పోయాయి. ఒక ముసలాయన దుప్పటి తీసుకుని, దాని మీది ఏనుగును చూసి, మనవడికి అని ఎవరూ అడగకుండానే చెప్పాడు.

గొడుగు మీద ఇద్దరు అక్కచెల్లెళ్ళు కొట్లాడారు. పక్క సందులో వాచ్‌మన్ పిల్లలు. పెద్దది గుంజింది, చిన్నది వదల్లేదు. ఒక పుల్ల వంగింది. చివరికి ఇద్దరూ కలిసి దాని కిందనే వెళ్ళారు, వాన లేదు, ఎండ కూడా సరిగ్గా రాలేదు. నాకు ఆ పూట ఏడుపు రాలేదు పెద్దబాపూ. హాయిగా ఉండింది. ఇది రాయకపోతే మళ్ళీ అబద్ధమే అవుతుంది. ఇప్పుడు మీ చీటీల సంగతి తెలిశాక ఆ హాయి గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

తొమ్మిదిన్నరకు ఒక పిల్ల వచ్చింది. ఏడేళ్ళుంటాయి. అక్కడ కడుతున్న బిల్డింగు సెల్లారులో ఉండేవాళ్ళు. బ్యాగు ఒకటే మిగిలింది, ఎర్రది, కప్ప బొమ్మది. ఆ పిల్ల దాన్ని ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. తీసుకో అన్నాను. "నాకేనా?" అంది. నీకే అన్నాను. "మా అమ్మ తిడ్తది, యాడికెళ్లి తెచ్చినవని. నువ్వొచ్చి చెప్పు" అంది. షట్టరు అట్లాగే వదిలి ఆ పిల్లతో సెల్లారుకు పోయి వాళ్ళమ్మకు చెప్పాను. ఆమె నమ్మలేదు, మళ్ళీ చెప్పాను. పిల్ల రెండు భుజాలకూ తగిలించుకుని అక్కడే అటూ ఇటూ నడిచింది. బడులు లేవు కదా ఇప్పుడు అన్నాను. "మల్ల ఉంటయ్" అంది.

ఆ బ్యాగులో చీటీ ఉండి ఉంటుంది. నా పేరు ఎవరో ఒకరు చదివే ఉంటారు. ఎవరిదో అనుకుని పారేసి ఉంటారు. మీరు పెట్టిన ముప్పై ఒక్క చీటీల్లో నేను చదివింది ఒక్కటీ లేదు.

స్పందన


ఎల్బీనగర్,
5 ఆగస్టు 2025

బిడ్డా,

నీ ఉత్తరం చదివాను, మీ పెద్దమ్మకు చదివి వినిపించాను. ఆమె గొడుగు దగ్గర నవ్వింది, బ్యాగు దగ్గర లేచి లోపలికి పోయింది.

బేరం మంచిగనే అయింది. టమాటాలామె వాసన చూసిందన్నావు చూడు, ఆమె అసలైన గిరాకీ. సెల్లారు పిల్ల వెంట నువ్వు పోయి తల్లికి చెప్పి వచ్చావు. నేనైతే షట్టరు వదిలి పోయేవాణ్ణి కాదు. ఆ పని నాకంటే నువ్వు బాగా చేశావు. అసహ్యం అన్న మాట ఇంకెప్పుడూ రాయకు.

ఆ పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిందన్నావు. నువ్వు ఆమెను అడిగావు, తీసుకో అన్నావు. నేను అక్కడే ఆగిపోయాను. ఉత్తరం మూడు రోజులుగా జేబులోనే ఉంది.

కౌంటరు అవతల నిలబడ్డ పిల్లలను ఇరవై నాలుగేళ్ళు పేరుపేరునా అడిగాను. నోట్లో వేలు పెట్టుకున్నవాళ్ళను, ఏడుస్తున్నవాళ్ళను, జేబులో ఏమీ లేకుండా ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్ళను కూడా వంగి అడిగాను. నువ్వు కౌంటరు ఇవతల ఉండేదానివి. ఇవతల ఉన్నవాళ్ళను ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. చూసి, నాకు తెలుసులే అనుకుని, పెట్టెలో పెట్టాను.

ఇప్పుడు అడుగుతున్న. ప్రణతికి కాదు, నీకే. సిగ్గుపడకు, పెద్దదాన్నైన అనకు, ఏమొద్దు అనకు. జర టైం తీసుకొని మంచిగ సోచాయించి రాయి. దొరకకుంటే ఎతుకుత.

ఏం కావాలె బిడ్డా నీకు?

మీ పెద్దబాపు